తర్కం కూడా ఒక నమ్మకమేనా? అయితే నిజం కోసం ఇంత పట్టుదల ఎందుకు?

మర్రిగూడ దిక్కు (ప్రశ్న):

మాది నల్లగొండ జిల్లా, మర్రిగూడ దిక్కు. ఇంట్లో భగీరథ నల్లా ఉన్నా మా మేనమామ మాత్రం పాత బోరు నీళ్లే తాగుతాడు, రుచి వాటికే ఉందంటాడు. ఆ నీళ్లు పరీక్ష చేయిస్తే లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ అని వచ్చింది. 1.5 దాటితే తాగొద్దని ప్రమాణం, ఇందులో 4 ఉంది, కాబట్టి తాగొద్దు, ఇంతకంటే సూటిగా ఏం చెప్పాలి అన్నాను. దానికి ఆయన అన్న మాట నన్ను వదలడం లేదు. "ఆ 'కాబట్టి' ఎక్కడి నుంచి వచ్చింది? నీ తర్కాన్ని నువ్వు నమ్ముతున్నవు, నా నాలుకను నేను నమ్ముతున్న. రెండూ నమ్మకాలే."

నీళ్ల సంగతి ఇంట్లో తేల్చుకుంటాం, ఆయనను డాక్టర్‌కు కూడా చూపిస్తున్నాం. నేను అడిగేది వేరే. తర్కం సరైందని చూపించాలంటే మళ్లీ తర్కమే వాడాలి కదా, అది గుండ్రంగా తిరగడమే అవుతుంది. తర్కం వాడకుండా చూపిస్తే అది నిరూపణే కాదు. మరి తర్కం కింద ఏముంది? ఏమీ లేదంటే, నిజం నిజం అని మనం ఇంత గట్టిగా పట్టుకోవడానికి ఆధారం ఏంటి? తత్వశాస్త్రం చదివినవాళ్లు, చదవకపోయినా దీని గురించి సీరియస్‌గా ఆలోచించినవాళ్లు చెప్పండి.

లెక్కల సార్, మిర్యాలగూడ:

మీ మామ అడిగింది తీసిపారేసే ప్రశ్న కాదు. ఆలిస్ కథ రాసిన లూయిస్ కారల్ వృత్తిరీత్యా ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కలు చెప్పేవాడు, ఆయన 1895లో 'మైండ్' అనే పత్రికలో తాబేలుకూ గ్రీకు వీరుడు అకిలీస్‌కూ మధ్య ఒక చిన్న సంభాషణ రాశాడు, సరిగ్గా ఇదే లొల్లి. మీ ఉదాహరణతోనే చెప్తాను. తాబేలు ఏమంటుందంటే, ఫ్లోరైడ్ 1.5 దాటిన నీళ్లు తాగొద్దు, సరే ఒప్పుకున్నా, ఈ నీళ్లలో 4 ఉంది, అదీ ఒప్పుకున్నా, కానీ ఈ రెండూ ఒప్పుకున్నంత మాత్రాన ఈ నీళ్లు తాగొద్దని నేనెందుకు ఒప్పుకోవాలి? అకిలీస్, "ఆ రెండూ నిజమైతే మూడోదీ నిజం" అని ఇంకో వాక్యం రాసుకుంటాడు. తాబేలు దాన్నీ ఒప్పుకుని, ఇప్పుడు ఈ మూడూ నిజమైతే ముగింపు నిజమని మరో వాక్యం రాయమంటుంది. నోట్‌బుక్ నిండుతూనే ఉంటుంది, ముగింపు మాత్రం రాదు.

దీని నుంచి నేను తీసుకునేది ఏంటంటే, తర్క నియమం మన నమ్మకాల జాబితాలో చేరే ఇంకో నమ్మకం కాదు. జాబితాలో ఉన్న ఒక మాట నుంచి ఇంకో మాటకు వెళ్లడమే అది. "రుచిగా ఉన్న నీళ్లు మంచివి" అనేది జాబితాలోకి వచ్చే మాట, అది నిజం కావచ్చు, అబద్ధం కావచ్చు, పరీక్షించవచ్చు. ఇంకో సంగతి చూడండి, "రుచి బాగుంది, కాబట్టి తాగుతా" అంటున్నప్పుడు మీ మామ కూడా అదే 'కాబట్టి' వాడుతున్నాడు. ఆయనకు నాలుక ఉంది, మీకు తర్కం ఉంది అని కాదు, తర్కం ఇద్దరికీ ఉంది, తేడా ఎక్కడ మొదలుపెట్టారన్న దగ్గరే వచ్చింది.

అరిస్టాటిల్ కూడా ఇదే దారి పట్టాడు. ఒకే విషయం ఒకే సమయంలో ఒకే అర్థంలో ఉండటం, ఉండకపోవడం రెండూ కుదరవు అనే నియమాన్ని 'మెటాఫిజిక్స్' నాలుగో భాగంలో చర్చిస్తూ, దీనికి నేరుగా నిరూపణ ఇవ్వలేం, ప్రతిదానికీ నిరూపణ కావాలంటే అంతు ఉండదు అన్నాడు. కానీ దాన్ని కాదన్న మనిషిని అర్థమున్న ఒక్క మాట అనమనండి చాలు, ఆ మాటకు ఈ అర్థం ఉంది, దీనికి వ్యతిరేకమైన అర్థం లేదు అని అతను అప్పటికే ఒప్పుకున్నట్టు. ఏమీ మాట్లాడకపోతే మొక్కతో వాదించినట్టేనని కూడా అన్నాడు. ఇది నిరూపణ కాదు, నిజమే. కాదనడానికి కూడా దాని మీదే నిలబడాలి అని చూపించడం మాత్రమే. నాకు అది సరిపోతుంది.

ఇలాంటి చర్చల్లోకి ఎవరో ఒకరు తర్కవేత్త గోడెల్‌ను లాక్కొస్తారు కాబట్టి ముందే చెప్తున్నా. 1931లో ఆయన నిరూపించింది, అంకగణితం చేయగలిగేంత బలమున్న, వైరుధ్యం లేని, యాంత్రికంగా జాబితా వేయగల స్వీకృతాలు (నిరూపణ అడగకుండా మొదట ఒప్పుకునే మాటలు) ఉన్న ఏ వ్యవస్థలోనైనా, అది నిరూపించలేని, ఖండించలేని వాక్యాలు ఉంటాయని. తర్కం కూడా నమ్మకమే అని కాదు. పైగా 1929లో తన డాక్టరేట్ పనిలో ఆయనే, మామూలు విధేయ తర్కంలో ('అన్నీ', 'కొన్ని' లాంటి మాటలతో చేసే తర్కం) చెల్లే ప్రతి వాక్యాన్నీ దాని నియమాలతోనే రాబట్టవచ్చని చూపించాడు. ఈ రెండోది ఎవరూ చెప్పరు.

సాగర్ గట్టు:

సార్ గ్రీకుల నుంచి చెప్పారు, నేను మన నీళ్ల ఒడ్డు నుంచి చెప్తా. సాగర్‌లో లాంచీ ఎక్కితే వచ్చే కొండకు ఎవరి పేరు ఉందో ఆ బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడు, తమ్ముడు అడిగిన ప్రశ్ననే 'విగ్రహవ్యావర్తని'లో నైయాయికుల, అంటే న్యాయ దర్శనం వాళ్ల, మీదికి విసిరాడు. డెబ్బై శ్లోకాలు, వాటికి ఆయనదే వ్యాఖ్య. ప్రమాణాలతో, అంటే తెలుసుకునే సాధనాలతో, వస్తువులు సిద్ధిస్తాయంటున్నారు కదా, మరి ఆ ప్రమాణాలు దేనితో సిద్ధిస్తాయి? వేరే ప్రమాణాలతో అంటే వాటికి ఇంకోటి కావాలి, అది అనవస్థ, మొదలూ చివరా ఉండవు. ప్రమాణం లేకుండానే సిద్ధిస్తాయంటే, అన్నిటికీ ప్రమాణం కావాలన్న మీ మాట మీరే వదులుకున్నారు. నిప్పు తననూ ఇతర వస్తువులనూ వెలిగించినట్టు ప్రమాణం తనను తాను సాధించుకుంటుందా? నిప్పు ఎప్పుడూ చీకట్లో లేదు కదా, తనను తాను వెలిగించుకోవడం ఏంటి అంటాడు. ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

అన్నీ శూన్యమే, అంటే దేనికీ తనంతట తానుగా నిలిచే స్వభావం లేదు అన్నది నాగార్జునుడి మాట. ప్రత్యర్థి ఊరుకోడు. అన్నీ శూన్యమైతే నీ మాటా శూన్యమే, అది దేన్ని ఖండిస్తుంది అంటాడు. నాగార్జునుడి జవాబు, నాకు ప్రతిజ్ఞే (నిలబెట్టుకోవాల్సిన వాదమే) లేదు, కాబట్టి నాకు ఆ దోషం అంటదు అని. సార్ చెప్పిన అరిస్టాటిల్ ఎత్తు ఇక్కడ పనిచేస్తుందా అన్నది నాకు పెద్ద ప్రశ్న. ఈయన మొక్కలా మౌనంగా లేడు, మాట్లాడుతున్నాడు, ఎదుటివాడి మాటల్నే తీసుకుని అవి నిలవవని చూపిస్తున్నాడు, తనదంటూ ఏదీ నిలబెట్టడం లేదు. ఆయన కూడా 'ఇది, లేదా అది, రెండూ పొసగవు' అనే నియమం వాడుతూనే ఉన్నాడు కదా అనవచ్చు. కానీ మీరు ఒప్పుకున్నారు కాబట్టి వాడుతున్నా అని ఆయన అనగలడు.

నైయాయికుల వైపు జవాబు నాకు ఇంకా నచ్చుతుంది. న్యాయసూత్రాల రెండో అధ్యాయంలో తక్కెడ ఉదాహరణ ఉంది. తక్కెడతో బంగారం తూస్తాం. ఆ తక్కెడ మీదే అనుమానం వస్తే, బరువు తెలిసిన బంగారం పెట్టి తక్కెడనే తూస్తాం. ఒకసారి కొలిచేది ఇంకోసారి కొలవబడేది అవుతుంది. వడ్ల కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టేటప్పుడు రైతులు చేసేది ఇదే, అనుమానం వస్తే తెలిసిన బరువు పెట్టి చూస్తారు, ముల్లు తేడా వస్తే కాంటా మార్పిస్తారు. ప్రపంచంలో ఉన్న కాంటాలన్నీ ముందు నిరూపించు, అప్పుడే బస్తా తూస్తా అని ఎవరూ అనరు. అనుమానం ఎప్పుడూ ఒక కాంటా మీద వస్తుంది, దాన్ని తీర్చేది ఇంకో కాంటా. అన్నిటినీ ఒకేసారి అనుమానించేవాడు తూకం ఆపేశాడు తప్ప, తూకంలో తప్పు చూపించలేదు.

తమ్ముడు అడిగిన 'తర్కం కింద ఏముంది'లోనే, కింద ఏదో ఒకటి ఉండి తీరాలి అనే ఊహ ఉంది. కింద ఏమీ ఉండాల్సిన అవసరం లేదని నేను అనుకుంటున్నా. ఒకదాన్ని ఒకటి పట్టుకుని నిలబడతాయి.

పాలమూరు రవ్వ:

ఇద్దరూ తర్కం అంటే ఒకే ముద్ద అన్నట్టు మాట్లాడుతున్నారు, నాకు అక్కడే అభ్యంతరం. 1908లో డచ్ గణితవేత్త బ్రౌవర్ ఏమన్నాడంటే, 'ప్రతి వాక్యమూ నిజం, లేదా దాని వ్యతిరేకం నిజం, మధ్యలో ఇంకోటి లేదు' అనే నియమాన్ని మనం పరిమితమైన గుంపుల నుంచి నేర్చుకుని, అనంతమైన వాటి మీద కూడా రుద్దుతున్నాం అని. ఒక మండలంలో ఉన్న బోర్లన్నీ ఒక్కొక్కటిగా పరీక్షించి 1.5 దాటింది ఉందో లేదో తేల్చవచ్చు, అక్కడ గొడవ లేదు. 2 కంటే పెద్దదైన ప్రతి సరి సంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తం అన్న గోల్డ్‌బాక్ ఊహ 1742 నుంచి నిరూపణ లేకుండా, ఖండన లేకుండా ఉంది. అది నిజమో అబద్ధమో ఎక్కడో తేలిపోయే ఉంది, మనకు తెలియడం లేదంతే అని మామూలు తర్కం అంటుంది. ఎక్కడ తేలిపోయి ఉంది అని బ్రౌవర్ అడుగుతాడు.

లెక్కల సార్‌కు తెలిసిన ఉదాహరణే చెప్తా, మిగతావాళ్ల కోసం. భిన్నంగా రాయగలిగితే అకరణీయ సంఖ్య, రూట్ 2 లాగా రాయలేకపోతే కరణీయ సంఖ్య. ఒక కరణీయ సంఖ్యను ఇంకో కరణీయ సంఖ్య ఘాతానికి పెంచితే అకరణీయ సంఖ్య రావచ్చా? రూట్ 2ను రూట్ 2 ఘాతానికి పెంచండి. వచ్చింది అకరణీయమైతే పని అయిపోయింది. కాకపోతే, అంటే కరణీయమైతే, దాన్నే మళ్లీ రూట్ 2 ఘాతానికి పెంచండి, 2 వస్తుంది, అది అకరణీయం. ఎటు తిరిగినా సమాధానం 'రావచ్చు'. చాలా అందమైన నిరూపణ, కానీ ఆ రెండు జతల్లో ఏది మనకు కావలసిన జతో అది చెప్పదు. బ్రౌవర్ దారిలో వెళ్లేవాళ్లు దీన్ని నిరూపణగా ఒప్పుకోరు. 1934 నాటి గెల్ఫోండ్-ష్నైడర్ సిద్ధాంతంతో మొదటి సంఖ్య కరణీయమేనని తేలింది, అంటే మనకు కావలసింది రెండో జత.

అందుకే తర్కం ఆకాశం నుంచి ఊడిపడ్డ ఒకే చట్టం అనొద్దు. అందులో కొన్ని నియమాల మీద బుద్ధిమంతులే విడిపోయారు. తత్వవేత్త గ్రాహం ప్రీస్ట్ అయితే 1987లో, కొన్ని వైరుధ్యాలు నిజంగానే నిజం అని పుస్తకమే రాశాడు.

లెక్కల సార్, మిర్యాలగూడ:

ఒప్పుకుంటా, కానీ ఎంత దూరం విడిపోయారో కూడా చూడాలి. బ్రౌవర్ వాళ్లు మధ్యమం లేదన్న నియమాన్ని వదిలారు, వైరుధ్యం కుదరదన్న నియమాన్ని వదల్లేదు. 1929లో గ్లివెంకో అనే గణితవేత్త, మామూలు వాక్య తర్కంలో నిరూపించగల ఏ వాక్యాన్నైనా 'అది అబద్ధం అనడం అబద్ధం' అన్న రూపంలో బ్రౌవర్ తర్కంలో కూడా నిరూపించవచ్చని చూపించాడు. గొడవ అంచుల దగ్గర ఉంది. ప్రీస్ట్ కూడా అన్ని వైరుధ్యాలనూ ఒప్పుకోడు, ఏది ఒప్పుకోవాలో ఏది వద్దో మళ్లీ కారణాలు చూపించే వాదిస్తాడు. 4 ఉన్న నీళ్ల విషయంలో వీళ్లందరిదీ ఒకే మాట.

మర్రిగూడ దిక్కు:

కాంటా మాట నాకు బాగా పట్టింది. కానీ నా ప్రశ్నలో రెండో సగం అట్లాగే ఉండిపోయింది. తర్కం చేసే పని, నిజం నుంచి బయలుదేరితే నిజం దగ్గరికే చేర్చడం. సరే. ఆ నిజం నాకు ఎందుకు కావాలో తర్కం చెప్పదు కదా. 1886లో జర్మన్ తత్వవేత్త నీషే ఇదే అడిగాడని చదివాను, మనకు నిజమే ఎందుకు కావాలి, అబద్ధమైతే ఏం, తెలియకపోవడమైతే ఏం అని. అబద్ధంతో హాయిగా బతికేవాడికి మనం ఏం చెప్పగలం?

నీళ్ల పరీక్ష అక్క:

నేను తత్వశాస్త్రం చదవలేదు, నీళ్ల శాంపిళ్లు పరీక్షించే ల్యాబులో పని చేస్తా, కాబట్టి నాకు తెలిసిన వైపు నుంచి చెప్తా తమ్ముడూ. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, గ్లాసులో పోస్తే తేటగా కనిపిస్తుంది. మన జిల్లాలో తరాలు తరాలు ఆ తేట నీళ్లే మంచి నీళ్లనుకుని తాగాయి, పిల్లలకు గారపళ్లు వచ్చాయి, పెద్దవాళ్ల నడుములు వంగిపోయాయి, ఎముకల్లోకి చేరిన దాన్ని వెనక్కి తీయడానికి మందు లేదు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను పేరబెట్టి తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ వాళ్లు పెట్టిన పేరే నల్లగొండ టెక్నిక్, మన జిల్లా పేరు ప్రపంచానికి అట్లా తెలిసింది. మనుషులు ఏం నమ్మారన్నది ఎముకలు అడగలేదు. నా వరకు నిజం విలువ ముందు అక్కడే ఉంది, మనం నమ్మినా నమ్మకపోయినా అది తన పని చేసుకుంటూ పోతుంది.

సాగర్ గట్టు అన్న కాంటా మాట మాకు రోజూ పనే. పొద్దున మీటర్ ఆన్ చేయగానే శాంపిల్ పెట్టం, ముందు ఫ్లోరైడ్ ఎంతుందో తెలిసిన ద్రావణాలు పెట్టి మీటర్ సరిగ్గా చూపిస్తుందా అని చూస్తాం, ఆ తర్వాతే ఊళ్ల నుంచి వచ్చిన సీసాలు.

ఇప్పుడు అసలు సంగతి. ఒకాయన ప్లాటు అమ్ముకుంటూ, తన బోరు రిపోర్టులో అంకె కొంచెం తక్కువ రాసిమ్మని అడిగాడు. నేను రాయనన్నా, కాసేపు కోపం చేశాడు, బతిమాలాడు. వెళ్లేముందు గొంతు తగ్గించి, "అసలెంత ఉందమ్మా, మా పిల్లలు కూడా అవే తాగుతున్నరు" అన్నాడు. అబద్ధం కొనేవాళ్ల కోసం, నిజం ఇంటి కోసం. అబద్ధంతో హాయిగా బతికేవాడు అంటావు కదా, అట్లాంటివాళ్లలో చాలామంది నిజాన్ని దగ్గర పెట్టుకుని, ఎదుటివాళ్లకు అబద్ధం ఇచ్చేవాళ్లే. ఏ అబద్ధం తనకు పనికొస్తుందో తెలియాలన్నా ముందు నిజం తెలియాలి. దాని విలువ తెలియక కాదు, ఆ విలువ తన ఒక్కడికే ఉంచుకోవాలని.

సాగర్ గట్టు:

అక్క చెప్పింది వింటుంటే నన్నయ భారతంలో శకుంతల గుర్తొచ్చింది. నూరు నూతుల కంటే ఒక దిగుడు బావి, నూరు బావుల కంటే ఒక యజ్ఞం, నూరు యజ్ఞాల కంటే ఒక కొడుకు, నూరుగురు కొడుకుల కంటే ఒక నిజమైన మాట మేలు అని దుష్యంతుడితో అంటుంది. అక్కడ దుష్యంతుడికి నిజం తెలియక కాదు, అన్నీ తెలిసే తెలియనట్టు కూర్చున్నాడు. కొడుకును పక్కన పెట్టుకుని వచ్చిన తల్లి, నూరుగురు కొడుకుల కంటే కూడా నిజమే ఎక్కువ అని అంటోంది చూడండి.

పాలమూరు రవ్వ:

అక్కకు దండం. కానీ ఇవన్నీ నిజం 'పనికొస్తుంది' అనే చెప్తున్నాయి. పనికొచ్చేదే విలువైనదైతే, పనికొచ్చే అబద్ధం దగ్గర ఆ విలువ పోవాలి. చావు దగ్గరపడ్డ ముసలామెకు డాక్టర్ "నయమైపోతది" అంటే ఏం పోయింది? నిజానికి దానంతట దానికి విలువ ఉందా అన్నదే నీషే ప్రశ్న, దానికి ఇక్కడ ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.

లెక్కల సార్, మిర్యాలగూడ:

అయితే నిజం పనికిరాకపోగా నష్టం చేసిన సందర్భం ఒకటి చెప్తాను. జర్మనీలో యేనా యూనివర్సిటీలో గాట్‌లాబ్ ఫ్రేగే అని ఒక గణితవేత్త ఉండేవాడు. మనం ఇవాళ వాడే తర్కానికి 1879లో పునాది వేసింది ఆయనే. తర్క నియమాలు మనుషులు ఎలా ఆలోచిస్తారో చెప్పే నియమాలు కావు, నిజానికి సంబంధించిన నియమాలు అన్నది ఆయన పట్టుదల. అంకగణితం మొత్తాన్నీ తర్కం మీద నిలబెట్టాలని పూనుకుని, మొదటి సంపుటం 1893లో తెచ్చాడు. రెండోది అచ్చులో ఉండగా, 1902 జూన్ 16న ఇంగ్లండ్ తత్వవేత్త బర్ట్రాండ్ రసెల్ ఆయనకు ఒక ఉత్తరం రాశాడు. తమలో తాము సభ్యులు కాని సమితులన్నిటినీ కలిపి ఒక సమితి చేస్తే, అది తనలో తాను ఉందా? ఉందంటే ఉండకూడదు, లేదంటే ఉండాలి. ఫ్రేగే పెట్టుకున్న స్వీకృతాల్లో అయిదోది దీన్ని అనుమతిస్తోంది, అంటే పునాదిలోనే వైరుధ్యం.

ఆయన ఆ ఉత్తరం దాచిపెట్టుకోవచ్చు. అప్పటికి ఆయన పుస్తకాలు చదివేవాళ్లే తక్కువ, చాలామందికి తెలిసేది కూడా కాదు. వారం తిరగకముందే జవాబు రాశాడు, 1903లో వచ్చిన రెండో సంపుటం చివర అనుబంధం చేర్చి, పని పూర్తయ్యాక పునాది కదిలిందని తనే పాఠకులకు చెప్పి, ఆ వైరుధ్యాన్ని వివరంగా పెట్టాడు. అందులో చెప్పిన సవరణ కూడా పనిచేయదని తర్వాత తేలింది. నిజం కోసం అంత నిబద్ధత చూపినవాళ్లను తానింకెక్కడా చూడలేదన్న అర్థంలో రసెల్ 1962లో రాశాడు. ఫ్రేగేకు దీనివల్ల దక్కిన లాభం ఏంటో నాకు ఎంత వెతికినా కనిపించదు. నిజం దానంతట అదే విలువైనది అని అనుకుంటే తప్ప ఆ అనుబంధం నాకు అర్థం కాదు.

మర్రిగూడ దిక్కు:

సార్, అది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఒక్కటి అడుగుతా. అరిస్టాటిల్ ఎత్తు ఇక్కడ కూడా వేయొచ్చు కదా? "నిజానికి విలువ లేదు" అనేవాడు ఆ మాటను నిజమనే కదా చెప్తున్నాడు.

పాలమూరు రవ్వ:

లేదు తమ్మీ, ఇక్కడ అది పనిచేయదు. ఒక మాట నిజమని చెప్పడం వేరు, నిజానికి విలువ ఇవ్వడం వేరు. నేను ఒక మాట నిజమని చెప్పి, అయినా నాకు లెక్కలేదు అనవచ్చు, అందులో వైరుధ్యం ఏమీ లేదు. తర్క నియమాలను కాదనాలన్నా వాటి మీదే నిలబడాలని సార్ చూపించింది నేను ఒప్పుకుంటా. నిజం విలువకు అట్లాంటి రక్షణ లేదు, దాన్ని వదిలేసి కూడా మనిషి మాట్లాడగలడు, వాదించగలడు, గెలవగలడు. ఫ్రేగే గురించి సార్ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం, కానీ అదే ఫ్రేగే 1924లో డైరీలో యూదుల మీద ద్వేషం రాసుకున్నాడు, సమితుల విషయంలో తనను తాను అంత కఠినంగా పరీక్షించుకున్న మనిషి అక్కడ ఆ పరీక్ష పెట్టుకోలేదు. ఆ అనుబంధం రాయకుండా ఉండి ఉంటే తర్కంలో ఏ నియమమూ ఆయన్ని తప్పుపట్టేది కాదు. రాయాలని ఆయనే అనుకున్నాడు. ల్యాబులో అక్క కూడా అంతే, ఆ అంకె తక్కువ రాయకూడదని మీటర్ చెప్పలేదు.

నీళ్ల పరీక్ష అక్క:

మీటర్ చెప్పలేదు, సరే. కానీ ఆయన పిల్లల కోసం అడిగినప్పుడు ఆ అంకెను ఎవరైనా నమ్మాలంటే, మిగతా సీసాల మీద కూడా నేను సరైన అంకెలే రాస్తూ ఉండాలి కదా. ఒక్క రిపోర్టు మారిస్తే పాడయ్యేది ఆ ఒక్కటే కాదు. ఇది కూడా మళ్లీ 'పనికొస్తుంది' కిందికే వస్తుందని అంటావేమో తమ్ముడూ, అను, కానీ ఎవరికి పనికొస్తుంది అన్నది కూడా చూడు. అందులో నాకంటూ ఏమీ లేదు.